కరవుసీమలో సోమరితనమును సాధించు విధము

సోమరితనము జన్మసిద్ధమని తలచువారు పొరబడుచున్నారు. అది గురుముఖమున అభ్యసింపవలసిన విద్య. ఈ విద్యకు ప్రమాణగ్రంథము 1859లో రష్యా రచయిత గొంచరోవ్ ప్రకటించిన ‘ఒబ్లోమోవ్’ నవల. పారసీక వస్త్రముతో కుట్టిన వదులైన అంగీ ధరించి, పీటర్స్‌బర్గునందలి గొరోఖోవయా వీథిలో శయనించియున్న కథానాయకుడు గడప దాటకుండగనే అందలి ప్రథమభాగమంతయు గడచిపోవును. అంత చదువుటకు ఓపిక లేనివారు, అనగా నిజముగా అర్హులైన శిష్యులు, నికితా మిఖల్కోవ్ 1979లో నిర్మించిన చిత్రమును చూడవచ్చును. ఓలెగ్ తబకోవ్ నటించిన ఆ సోమరియెడ దర్శకునకు గల మమకారము మాత్రము ప్రమాదకరమైనది. దానివలన కార్యశూరుడైన మిత్రుడు ష్టోల్ట్స్ మనకు పరాయివాడై తోచును.

ఇక అనంతపురమున అభ్యాసమునకు పూనుకొనువారు మట్టిమిద్దెపై నులకమంచము వాల్చి, పారసీకపు అంగీకి మారుగా కురుబలు నేసిన కంబళి కప్పుకొనుడు. వేసవిలో కంబళి యేలయని అడుగకుడు; ప్రశ్నించుటయు శ్రమయే.

గురువునకై దూరదేశములు పోనక్కరలేదు, మంచముపైనుండి కన్ను తెరచిన చాలును. ముంగారు మేఘము పడమటి కనుమలు దాటునప్పటికే తన బరువంతయు ఆవల దించుకొని, వట్టి నీడను మాత్రము మన చేలపై పరచుచు సాగిపోవును. హింగారు వానకు తూర్పు సముద్రమునుండి ఇంత దూరము వచ్చుటకు ఓపిక చాలదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ సీమలో ఒబ్లోమోవ్ బిరుదమునకు మేఘుని మించిన అర్హుడు కానరాడు.

అసలు చిక్కు పరికరములయందున్నది. ఒబ్లోమోవునకు పల్లెలో 350 మంది దాసులును, ఇంట మేజోళ్లు తొడుగుటకు జఖారను సేవకుడును గలరు. వారు చెమటోడ్చినందుననే ఆయన చెమట పట్టకుండ కలలు కనగలిగెను. మన దత్తమండలములకో, 1800లో తామస్ మన్రో కలెక్టరై వచ్చి, పాలెగాండ్రను అణచి, గుడారములలో కాపురముండి పొలములు కొలిపించి, శిస్తు రైతుచేతనే నేరుగా కట్టించు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఆ ష్టోల్ట్స్ ధర్మమా యని రైతే ప్రభువు, రైతే జఖారు అయినాడు. మేజోళ్లు తొడుగువాడు లేడు, మేజోళ్లును లేవు.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో రచ్చకట్టపై కూర్చున్న వారిని చూచి, సహాధ్యాయులు దొరికిరని మాత్రము సంతసింపకుడు. వారు అప్పు చేసి వేరుసెనగ విత్తనము తెచ్చి, గొర్రు సవరించుకొని, పదునునకై ఎదురుచూచుచున్నవారు. ఎఱ్ఱనేలలో తడి నిలుచునది కొలది దినములే గనుక, వాన పడిన మరునాడు కోడి కూయకమునుపే చేలో నుందురు. పడకున్న బెంగుళూరు బస్సెక్కి మేస్త్రీల యొద్ద ఇసుక మోయుదురు. జిల్లాకు విచ్చేయు పెద్దలు జీపులోనుండియే వీరిని సోమరులని నిర్ణయించుట కలదు. ఆ నిర్ణయమునకు పట్టు శ్రమ బహు స్వల్పము గనుక, దానిని మన విద్యయందు ఉన్నతశ్రేణి అభ్యాసముగా పరిగణింపవచ్చును.

కావున ఆసక్తిగల పాఠకులు మంచమెక్కుటకు ముందు, తమకు బదులుగా పాటుపడువాని పేరు ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ పేరు తమదే యైనచో ఈ విద్యలో ప్రవేశమునకై దరఖాస్తు పంపవలదు.