పెద్ద టీవీ, చిన్న బ్యాటరీ

బెంగళూరులో మా బావమరిది కారవాన్ కొన్నాడు. మరేం కాదు, టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకించి రెండు పరుపులు, ఒక సింకు, ఒక టీవీ పెట్టించిన బండి. చూడ్డానికొచ్చిన చుట్టాలు పరుపుల్ని పట్టించుకోలేదు. "టీవీ ఇంతేనా?" అన్నారు. అది 22 అంగుళాలది. వాడి పరువు పోయింది.

ఒకప్పుడు కలాసిపాళ్యంలో రాత్రి వీడియో కోచ్ ఎక్కితే డ్రైవరు వెనకున్న బుల్లి టీవీలోనే బస్సంతా సినిమా చూసేది. వెనక సీట్లవాళ్లు డైలాగులు విని మిగతాది ఊహించుకునేవాళ్లు. ఎవరి పరువూ పోలేదు.

పెద్ద టీవీ కోసమని శనివారం బావమరిది నన్ను వెంటేసుకుని జేసీ రోడ్డుకి బయల్దేరాడు. బండికి ఏం తగిలించాలన్నా ఇక్కడివాళ్లు పోయేది అక్కడికే.

"43 పెట్టించండి సార్! ఊఫర్ వేశామంటే కూర్చున్న సీటు ఊగాలి," అన్నాడు షాపతను.

"మన రోడ్ల మీద సీటు ఊగడానికి ఊఫర్ ఎందుకయ్యా?" అన్నాను. ఇద్దరూ వినిపించుకోలేదు.

బండిలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. 100 వాట్ల టీవీ దాని మీద నడవాలంటే ఎనిమిది ఆంపియర్లకు పైనే లాగుతుంది, మధ్యలో ఇన్వర్టర్ తన కమిషన్ తను కొట్టేస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని రాసున్నా సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది. అంటే టీవీ ఒక్కటే పెట్టినా ఐదు గంటలు. ఊఫరూ, ఫ్రిజ్జూ కలిస్తే? క్లైమాక్స్ ఊరి చివర కేఆర్ పురం దాటకముందే చూసెయ్యాలి.

ఇక డిష్. బండి కదిలితే సిగ్నల్ పోతుంది, కాబట్టి ఆపాక చూడాల్సిందే. మనకి టీవీ పంపే ఉపగ్రహాలు బెంగళూరుకి దాదాపు నడినెత్తినే ఉంటాయి. నీడకని చెట్టు కింద ఆపితే మా అత్తగారి సీరియల్ ఆగిపోతుంది. సీరియల్ కోసం ఎండలోకి లాగితే అత్తగారు ఉడికిపోతారు. "నీడలోనే రావాలి, అదెలాగో మీరే చూడండి అల్లుడుగారూ," అన్నారావిడ.

నన్నడిగితే, ఐదడుగుల దూరంలో కూర్చుని చూసేవాళ్లకి నేరుగా 12 వోల్టుల మీద నడిచే 24 అంగుళాల టీవీ చాలు. మిగిలిన డబ్బు చెవుల పక్కన రెండు మంచి స్పీకర్లకి పెట్టాలి. కానీ నన్నెవరూ అడగలేదు. 43 బిగించారు.

తిరుపతి బయల్దేరాం. మొగిలి ఘాట్ మలుపుల్లో లాక్ లేని బ్రాకెట్టు మీద టీవీ తలుపులా తెరుచుకుంటూ, మూసుకుంటూ వచ్చింది. మూసుకున్నప్పుడల్లా వెనకున్న అల్మారాకి అడ్డం. జంతికల డబ్బా అందులో!

"బావా, చెయ్యి పెట్టి లాగెయ్," అన్నాడు.

"నువ్వు టీవీ పట్టుకో," అన్నాను.

కాణిపాకం చేరేసరికి బ్యాటరీ ఖాళీ, జంతికలూ ఖాళీ.

43 అంగుళాల టీవీ ఎవరికైనా కావాలంటే చెప్పండి. సగం ధరకే ఇప్పిస్తాను, బ్రాకెట్టు ఉచితం. ఊఫర్ మాత్రం ఎవరు మోసుకెళ్తే వాళ్లదే.