నవ్వకు మావయ్యా!

ఫోటో అంటే మనకు తెలిసిన పద్ధతి ఒకటే. అందరూ వరసగా నిలబడాలి, పొట్ట లోపలికి పీల్చాలి, తీసేవాడు నవ్వమంటే నవ్వాలి. మా అక్క కూతురి దగ్గర ఈ మూడూ నేరాలే. పదకొండో గ్రేడులో ఆర్ట్ తీసుకున్నప్పటి నుంచి ఆ పిల్ల ఫోటోలు తియ్యడం మానేసి సీక్వెన్సులు చేస్తోంది. అంటే ఒక్క ముక్క రాయకుండా, అయిదారు ఫోటోలు వరసగా పేర్చి కథ చెప్పడమన్నమాట. చెప్పేది తనైనా పడేది మేము.

ఎటోబికోలో కాపురముండే తెలుగువాళ్లకి ఈ రకం పిల్లల్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కళల కోసమే పెట్టిన హైస్కూలు ఈ ఊళ్లో 1981 నుంచీ ఉంది. మా పిల్ల చదివేది అందులో కాదు, మామూలు బళ్లోనే. అయినా ఆ గాలి సోకింది. మెళ్లో కెమెరా, జేబులో లెన్సు మూత, ఏడాది పొడుగునా నల్ల టీషర్టు, దేన్ని చూసినా ఒక కన్ను మూసుకునే చూడటం. ఈ గుర్తులు కనిపిస్తే పక్క వీధిలోకి తిరిగిపోవాలి. ఎదురుపడ్డారా, "రెండు నిమిషాలు మావయ్యా" అంటుంది. ఆ రెండు నిమిషాల్లో పొద్దు గూకుతుంది.

ఒకరోజు సబ్‌వే గ్రీన్ లైను చివర కిప్లింగ్ స్టేషన్లో పట్టుకుంది. "ఆ స్తంభం దగ్గర్నుంచి నడిచి రా. ఊహూ, మళ్లీ వెళ్లు. ఇంటికి వెళ్లాలని లేనివాడిలా నడు." ఆఫీసు నుంచి ఆకలితో వస్తున్న మనిషి ఇంటికి వెళ్లాలని లేనివాడిలా ఎలా నడుస్తాడు? కాస్త నవ్వబోయాను. "నవ్వకు మావయ్యా, కథ చెడిపోతుంది" అని కసిరింది.

తియ్యడం ఒక బాధైతే, తీశాక పడేది ఇంకో బాధ. రెండో ఫోటోలో నాకు గడ్డం ఉంది కాబట్టి అయిదోది అయ్యేదాకా గీసుకోకూడదు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ఒకే ఆకుపచ్చ చీర మళ్లీ మళ్లీ కట్టాలి. ఫ్రిజ్ తీస్తే బ్రెడ్డు ముక్కల మీద చీటీ: "తినొద్దు, మూడో ఫోటోలో ఉంది." మే నెల వచ్చిందంటే మరీ ఘోరం. టొరంటో నిండా కాంటాక్ట్ ఫోటో ఉత్సవం జరుగుతుంది, మా ఆదివారాలన్నీ దాని ఖాతాలోకే.

ఎందుకే ఈ పీడ అని అడిగితే పాఠం మొదలెడుతుంది. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయని నిరూపించాడట. "దానికీ నా గడ్డానికీ ఏమిటే సంబంధం?" అన్నాను. "అది కదలిక. కథ కావాలంటే ఇది చూడు" అని 1970లో డ్యూయన్ మైకల్స్ చేసిన ఆరు ఫోటోల వరస తీసింది. ఒక సందులో ఇద్దరు మగవాళ్లు ఎదురుపడతారు. ఒకరిని దాటి ఒకరు వెళ్తారు. ముందు ఒకడు, తర్వాత రెండోవాడు వెనక్కి తిరిగి చూస్తారు. అంతే.

మా అమ్మ కళ్లజోడు సర్దుకుని తేల్చేసింది: "వీడు వాడికి బాకీ ఉన్నాడు. గుర్తుపట్టాడో లేదోనని చూస్తున్నాడు."

"చూశావా, అమ్మమ్మకే అర్థమైంది!" అని ఎగిరి గంతేసింది మనవరాలు. ఫోటోకీ ఫోటోకీ మధ్య ఖాళీలో చూసేవాళ్లు అల్లుకునేదే కథట. మన చేర్యాల పటంలోనూ బొమ్మలు వరసగానే ఉంటాయి కానీ, పక్కన కథ పాడే మనిషి ఉంటాడు కదా అన్నాను. "మాకు మాటలుండకూడదు" అంది గంభీరంగా. ఉండకూడదన్న ఆ మాటల్ని తన ఉద్దేశం వివరిస్తూ రెండు పేజీలు రాసి టీచరుకిచ్చింది!

చివరికి బళ్లో గోడ మీద పెట్టింది మా అమ్మ పెట్టె కథ. మొదటిది, కారు డిక్కీలో పెట్టె, పిడికి ఆనవాలుగా కట్టిన ఎర్ర జాకెట్టు గుడ్డ పీలిక. రెండోది, తెరిచిన పెట్టెలో తువ్వాళ్లు చుట్టిన ఆవకాయ సీసాలు, సున్నుండల డబ్బా. మూడోది, ఖాళీ పెట్టె, అడుగున గుండ్రంగా నూనె మరక. నాలుగోది, అల్మారాలో చలికోట్ల కింద అదే పెట్టె, దాని మీద మంచు బూట్లు. అయిదోది, మళ్లీ నిండిన పెట్టె: బాదంపప్పు, చాక్లెట్లు, విటమిన్ మాత్రలు. ఆరోది, ఖాళీ డిక్కీలో ఊడిపడిన ఎర్ర పీలిక.

ఒక్క మనిషి మొహం లేదు. మా అక్క ఆరో ఫోటో ముందు నిలబడి ముక్కు చీదింది. మా బావ మాత్రం "డిక్కీ దులిపాక తియ్యాల్సింది" అన్నాడు.

నేను వెతుక్కున్నది ఏడో ఫోటో. హంబర్ బే దగ్గర తెల్ల కమానుల వంతెన మీద, వెనక టొరంటో మేడలు మెరుస్తుంటే, కొత్త కోటులో నేనూ అమ్మా. పెళ్లి ఫోటోతో కలిపి నా జన్మలో నేనంత బాగా పడింది లేదు. అదేదని నిలదీశాను.

"చాలా బాగొచ్చింది మావయ్యా, అందుకే తీసేశాను. అది పెడితే అందరూ అక్కడే ఆగిపోతారు. అయినా నువ్వున్నావుగా, నాలుగోదాంట్లో వేలాడే కోటు నీదే."

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు మా వైపు పెళ్లి ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో దిగాయి. తలంబ్రాలవే వందకు తక్కువుండవు. పెళ్లికూతురు కళ్లు మూసుకున్నవి, పురోహితుడి వీపు ఒక్కటే పడినవి, వేలు అడ్డొచ్చినవి, ఒక్కటీ వదల్లేదు. అన్నీ చూశాను కానీ ఆ పెళ్లిలో ఏం జరిగిందో తెలీలేదు. ఆరు ఫోటోల్లో మా అమ్మ వచ్చింది, ఉంది, వెళ్లిపోయింది. తియ్యడం మనందరికీ వచ్చు, తీసెయ్యడం ఆ పిల్లకే వచ్చు. ఈ ముక్క దాని చెవిన వెయ్యకండి, ఇప్పటికే పట్టలేకపోతున్నాం.

కాబట్టి పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ చేసుకునేవాళ్లందరికీ నా మనవి: గ్రూపులో పెట్టేముందు ఫోటోలు ఒకసారి మా మేనకోడలికి పంపండి. ఆరు ఉంచుతుంది. అందులో మీరు లేకపోతే కంగారుపడకండి, మీ కోటు ఎక్కడో ఉండే ఉంటుంది.