తుపాకీ సారు

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతుకుతారు. ఆ గుంపులో నడుము వంచని పెద్దమనిషి ఒకరుంటారు. నెత్తిన టోపీ, ఒంటినిండా జేబులు, చేతిలో జుట్టారబెట్టే డ్రయ్యర్‌లాంటి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం. ఊళ్ళో పిల్లలు పెట్టిన పేరు తుపాకీ సారు.

సారు రాయిని చూడరు, తెరను చూస్తారు. యంత్రం మూతిని రాతికి ఆనించి మీట నొక్కితే ఎక్స్‌కిరణాలు అందులోని పరమాణువులను కదిలిస్తాయి. ఒక్కో మూలకం తనదైన శక్తితో బదులు పలుకుతుంది. ఇనుమెంత, సీసమెంత అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. గొప్ప సంగతే, కాదనను. ఒకప్పుడు దీనికోసం నమూనా ల్యాబుకు పంపి ఎదురుచూసేవారు. చిక్కల్లా ఒకటే: అది మూలకాల చిట్టా ఇస్తుంది గానీ ఖనిజం పేరు చెప్పదు. నల్లరాయికి గురిపెట్టి "ఇనుము!" అని ప్రకటిస్తారు సారు. హెమటైటా, మాగ్నటైటా? దానికి రెండూ ఇనుమే. మెరుగులేని పింగాణీ పెంకు మీద గీస్తే హెమటైట్ ఎర్రచార, మాగ్నటైట్ నల్లచార వేస్తాయి. ఈ మాటంటే సారు పెదవి విరుస్తారు. పెంకుకు బ్యాటరీ ఉండదు మరి.

ఓ అవ్వ మెరిసే పలుకు తెచ్చింది.

"ఏంది సామీ, వజ్రమేనా?"

మీట నొక్కారు. తెర మీద చెప్పుకోదగ్గదేదీ రాలేదు.

"ఇందులో ఏమీ లేదవ్వా."

"ఏమీ లేకుంటే చేతికెట్ల తగులుతాంది సామీ?"

వజ్రమంటే కార్బన్. చేతిలో పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు మెగ్నీషియం కన్నా తేలికైన మూలకాలు సాధారణంగా ఆనవు. పలుగురాయో గాజుముక్కో అయ్యుంటే సిలికాన్ పలికేది. ఏమీ పలకలేదంటే అది ప్లాస్టిక్కైనా కావాలి, వజ్రమైనా కావాలి! సారుకు ఆ ముక్క తట్టేలోగా అవ్వ పలుకును కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి తొలకరికి సారు రామన్ యంత్రంతో దిగారు. ఇది లేజర్ వేసి, చెదిరి వచ్చిన వెలుగును బట్టి ఖనిజాన్నే గుర్తుపడుతుంది. వజ్రమైతే తెర మీద 1332 అంకె దగ్గర ఒకే నిటారు గీత. వెలుగు ఇలా చెదరడాన్ని సి.వి. రామన్ 1928లో కనుగొన్నదీ, ఆయన చిన్నప్పుడు చదివింది మన విశాఖలోనే అన్నదీ సారు ప్రతి గట్టు మీదా చెబుతారు. కొన్ని రాళ్ళు లేజర్ తగలగానే తామే వెలిగి గీతను ముంచేస్తాయన్నది మాత్రం చెప్పరు. పైగా ఇప్పుడు సారుకు రాయి చూపించేవాళ్ళే లేరు. దొరికిన సంగతి నలుగురికీ తెలిస్తే ధర పడిపోతుందని జనం భయం.

రాళ్ళు దొరకని రోజుల్లో పాత తుపాకీ పెళ్ళిళ్ళకు వస్తుంది. నగల దుకాణాల్లో క్యారెట్లు చూసే యంత్రమూ ఈ జాతిదే కాబట్టి బంగారం దగ్గర సారు మాటకు తిరుగులేదు. మొన్న ముహూర్తానికి ముందు పెళ్ళికూతురి హారానికి ఆనించి, "916 అన్నారు, 750 చూపిస్తోంది బావగారూ" అన్నారు. నిజమే అన్నారు. అందుకే గొడవైంది.

మీ ఇంట శుభకార్యముంటే సారును తప్పక పిలవండి, మనిషి మంచివారే. యంత్రం పెట్టెను మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మని శుభలేఖలో రాయండి.