హాలీ సిక్కా చీటీకి టీకా తాత్పర్యం

మూలం:
హైదరాబాద్ – రూపాయి – హి. 1362 – ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్ – క్లీన్డ్.

అవతారిక: పాలమూరులో మా అమ్మ పెట్టెలోని ఒక వెండి బిళ్ళ సముద్రం దాటి, నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉందో తేల్చే గ్రేడింగుకు పోయి, ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని తిరిగొచ్చింది. ఆ డబ్బా తలకట్టున ఉన్న చీటీయే మూలం. ఆ డబ్బాను స్లాబ్ అంటారు. ఇంటి కప్పు అని అర్థం చెప్పుకోరాదు, ఖర్చు మాత్రం దాన్నే గుర్తుచేస్తుంది. సూత్రకారుడు అజ్ఞాతుడు. అతడెవరో మనకు తెలియదు, మనమెవరమో అతడికి అక్కర్లేదు. ఈ శాస్త్రానికి ప్రాణం అదే.

ప్రతిపదార్థం:

హైదరాబాద్ = నిజాం టంకసాల.

రూపాయి = హాలీ సిక్కా అనుట. ఇంగ్లీషువాడి కల్దారు కాదు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఆనాటి మారకం.

హి. 1362 = హిజ్రీ సంవత్సరం, క్రీ.శ. 1943. బిళ్ళ మీది చార్మినారు వాకిట్లో ఉన్న 'ఐన్' అక్షరం నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. అక్కడ 'మీమ్' ఉంటే అతడి తండ్రి మహబూబ్‌ది. మా పాలమూరును మహబూబ్‌నగర్ చేసిన పేరు అదే. మీమ్ సిక్కాలన్నీ నూరేళ్ళు దాటినవి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం అవి పురావస్తువులు, గ్రేడు కోసమని ప్రైవేటు మనిషి సముద్రం దాటించరాదు. మాది 1943 నాటిది కనుక బతికిపోయాం.

ఎక్స్‌ఎఫ్ = కొంచెమే అరిగినది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికావాడు వాళ్ళ పాత సెంటు బిళ్ళల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. అందులో ఇది 40, 45ల దగ్గర ఉండాలి.

డీటెయిల్స్ = ఉండాలి గానీ లేదు అని భావం. రూపం ఉంది, అంకె ఇవ్వం. ఎందుకివ్వరయ్యా అంటే,

క్లీన్డ్ = మా అమ్మ.

ఏటా దీపావళికి లక్ష్మీపూజ ముందు ఆ బిళ్ళను చింతపండు, బూడిద పెట్టి తోమేది. "నల్లగైంది కొడుకా, లచ్చిమికి మసి బిళ్ళ పెడ్తరా?" అని ఆమె సిద్ధాంతం. భూతద్దం కింద పెడితే చార్మినారు మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలున. ఆమె కుడిచేతి వాటం కూడా అందులో చదువుకోవచ్చు. అచ్చు పడ్డప్పుడు వెండికి వచ్చిన మెరుపు పోయి, గిన్నె మెరుపు వచ్చింది.

ఆక్షేపం: కంటికి కనబడేదానికి పైసలిచ్చి చీటీ ఎందుకు?

సమాధానం: ఎవరి కంటికి? ఇదే బిళ్ళను బజార్లో ఒక సేటుకు చూపిస్తే "పాలిష్ మాల్ సార్, వెండి రేటిస్త" అన్నాడు. వారం తర్వాత, నేనెవరో మరిచిపోయి, తన ట్రేలోంచి ఇలాంటిదే తీసి "మెరుపు చూడుండ్రి, పెండ్లిపిల్ల లెక్కుంది" అన్నాడు. ఒకే గ్రంథానికి రెండు పాఠాంతరాలు. బిళ్ళ ఎవరి చేతిలో ఉందన్నదే భేదం. అతడు చెడ్డవాడేం కాదు, అతడి చోట నేనుంటే పెండ్లిపిల్లనే చూసేవాణ్ణి.

ప్రమాణం: కౌటిల్యుడు నాణేలు చూడటానికి రూపదర్శకుడనే అధికారిని పెట్టి, పరీక్ష రుసుము నూటికి ఎనిమిదో వంతు అన్నాడు. నల్లగొండ సీమలోనే అక్కన్‌పల్లె నిధిలో 1531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. ఆ మొఖాలను ఇక్కడెవరెరుగుదురు? ఎవరో ఒకడు చూసి ఇది వెండే అనాల్సిందే. అమెరికాలో 1986, 87లలో పుట్టిన రెండు కంపెనీలు ఆ పనినే పట్టుకున్నాయి.

హెచ్చరిక: గ్రేడు ధర కాదు. ముందది బిళ్ళ అసలైనదేనని చెబుతుంది, తర్వాత ఏ స్థితిలో ఉందో చెబుతుంది, అక్కడితో నోరు మూసుకుంటుంది. పాత నాణేలు కొంటాం, అమ్ముతామనే దొంగ ప్రకటనలను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లో చెప్పాల్సి వచ్చింది. దొంగ డబ్బాలూ ఉన్నాయి, చీటీ మీది నంబరు కంపెనీ దగ్గర సరిచూసుకోవాలి.

శేషం: మొన్న దీపావళికి అమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి, గోటితో అంచు గీకి చూసి అడిగింది: "ఇగ దీన్నెట్ల తోమాలె కొడుకా?"

మూలంలో దీనికి పదం లేదు.