నేను కరిగిన లెక్క

కొలిమిగుండ్ల దగ్గర మెట్ట పొలాల అడుగున, బెలుం గుహల్లో గోడగా మిగిలిన సున్నపురాయిని నేను. డైనోసార్లు పుట్టకముందే సముద్రం అడుగున పేరుకుని గట్టిపడ్డాను. మా చుట్టాలు నాపరాళ్లై ఇళ్లలో పరుచుకున్నారు. నా వంతుకు నీళ్లు వచ్చాయి.

వట్టి నీళ్లకు లొంగే రకాన్ని కాను. లీటరుకు సుమారు 14 మిల్లీగ్రాములు కరిగితే గొప్ప. అదే వాననీరు మట్టిలోంచి ఇంకుతూ, వేళ్లు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకొని వస్తే రెండు మూడు వందల మిల్లీగ్రాములు పట్టుకుపోగలదు. అన్నట్టు, పంచదారతో నన్ను పోల్చకండి. నీరు చల్లగా ఉంటేనే నేను ఎక్కువ కరుగుతాను.

నీరు ఎంత కరిగించగలదో, సంతృప్తం కావడానికి ఇంకా ఎంత లోటుందో ఉష్ణగతికశాస్త్రం కచ్చితంగా చెబుతుంది. ఎంతసేపట్లో అని అడిగితే మాత్రం నోరు మెదపదు. లోటు సగమైతే కరిగే వేగమూ సగమవుతుందని అనుకోవడం సులువు. నా విషయంలో చివరిదాకా అలాగే జరిగి ఉంటే ఈ గుహే లేదు. పగుల్లో దిగిన నీరు మొదటి కొన్ని గజాల్లోనే సంతృప్తమై నిండిపోయేది, లోపలి పగులు వెంట్రుకవాసిగానే ఉండిపోయేది.

కొత్త నీరు తగిలితే నా ముఖం మీద సమచతుర్భుజాకారపు గుంటలు పడతాయి. వాటి గోడలు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఒక్కో మెట్టు ఎత్తు మిల్లీమీటరులో సుమారు ముప్పై లక్షలో వంతు. కాల్షియం, కార్బొనేటు ఊడిపోయేది ఆ మెట్ల అంచుల నుంచే. నీరు ముప్పాతిక పైగా నిండాక అదే అంచులకు ఫాస్ఫేటులాంటి మలినాలు అడ్డం పడతాయి. అప్పుడు లోటు సగమైతే వేగం పదహారో వంతుకు పడిపోవచ్చు. ఆ నత్తనడక వల్లే నీటిలో కాస్త ఆకలి మిగిలి వందల గజాల లోపలికి చేరింది. జర్మనీలో భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ డ్రైబ్రోట్ లాంటివాళ్లు కట్టిన లెక్క ఇదే. పగులు కొంత వెడల్పయ్యాక నీరు నిండకుండానే అవతలికి దూసుకుపోయింది. ఇక ఆ చివర నుంచి ఈ చివర దాకా కరగడమే.

ఇలా ఏర్పడిన గుహల సంగతి 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ రాశాడు. 1982–83లో గుహాన్వేషకుడు డేనియల్ గెబౌర్ బృందం వచ్చి శోధించింది. ఇప్పుడు గుహల పొడవు 3,229 మీటర్లంటున్నారు.

పైనుంచి ఊరిన చుక్క గుహగాలిలోకి తనలోని కార్బన్ డయాక్సైడును వదిలేస్తే లెక్క తిరగబడుతుంది. మోసుకొచ్చిన సున్నాన్ని కప్పుకే అంటించి పోతుంది. జనం ఫోటోలు దిగేది అక్కడే. దారి తొలిచిన పగుళ్ల వైపు చూసేవాళ్లు తక్కువ.