మా బావగారి దోషాన్వేషణము

చల్లపల్లి మొదలు అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాక ఏ కాలువగట్టున ఏ పొక్లెయిను ఆగిపోయినను, దాని యజమాని మొదట దేవుని, పిమ్మట మా పెద్దబావగారిని తలచుకొనును. దేవుడు ఆలస్యముగా పలికినను ఓర్చుకొనవచ్చునుగాని, మా బావగారు వచ్చి కూర్చున్న తరువాత కూడ పని మొదలుకాదేమని ఆ యజమానుల మొఱ. వస్తువు పనిచేయుటకంటె, అది యెందుకు పనిచేయుటలేదో తెలియుటయే ముఖ్యమని నమ్మిన మహానుభావులు ప్రతి యూరను ఒక్కరైన నుందురు. అట్టివారు మనకు బంధువులగుట పూర్వజన్మ సుకృతమో దుష్కృతమో నేనింకను తేల్చుకొనలేదు.

1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైననాటి నుండియు, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసిన పిమ్మటను, ఈ డెల్టాలో వేసవియనగా కాలువలు కట్టివేసి పూడిక తీయు కాలము. ఒకప్పుడు వందలాది కూలీలు పారలతో, తట్టలతో చేసిన పనిని నేడొక్క పొక్లెయిను చేయుచున్నది. చేయక మొరాయించినచో, నీరు వదలు తేదీ దగ్గరపడుచున్న గుత్తదారునకు నిద్ర పట్టదు. మా బావగారి నిదానమునకు అట్టి సమయమే సరిగా అమరును.

ఒక వేసవిలో అట్లే ఒక బండి కాలువ నడుమ నిలిచిపోయెను. ఇంజను చక్కగా తిరుగుచున్నది; కాని బూము లేవదు, బకెట్టు ముడువదు, పైభాగము తిరుగదు, చైన్లు నడువవు. గట్టుమీద చేరినవారందఱును ఏకగ్రీవముగా ‘పంపు పోయింది’ అని తీర్పు చెప్పిరి. మా బావగారు బండి వంకయైన చూడక, ఆపరేటరును చెట్టునీడకు పిలిచి సాక్షివిచారణకు పూనుకొనిరి: ‘పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎట్లా ఉంది? వేడెక్కాక ఎట్లా ఉంది? ఒక్కసారే ఆగిందా, ఆగి ఆగి పనిచేసిందా? నిన్న ఎవరన్నా నీళ్లు కొట్టి కడిగారా?’ గుత్తదారుడు ఓపిక నశించి, ‘మేస్త్రిగారూ, పంపు విప్పించమంటారా?’ అని అడుగగా, ‘పంపు ఏం పాపం చేసిందయ్యా?’ అని ఆయన నిర్దోషి పక్షము వహించిరి.

అన్ని కదలికలును ఒక్కమాటుగా ఆగినపుడు, అన్ని వాల్వులును ఒకే ముహూర్తమున చెడుట అసంభవమనియు, అన్నింటికిని ఉమ్మడియైన దానినే మొదట శంకింపవలెననియు ఆయన సిద్ధాంతము. సీటు ప్రక్కనున్న సేఫ్టీ లీవరును పనిస్థితికి తెచ్చినపుడు ఒక స్విచ్చి కలిసి, ఒక సోలినాయిడునకు 24 వోల్టుల కరెంటు పంపును. ఆ సోలినాయిడు తెఱచిననే జాయిస్టిక్కులకు పైలట్ ఆయిలు చేరును. అది చేరనిచో పెద్దపంపు ఎంత బలముగా నున్నను వ్యర్థము. బావగారు సోలినాయిడు ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టగా సరిగా 24 చూపెను. ‘కరెంటు వస్తోందిగా, ఇంక పంపే!’ అని గుత్తదారుడు లేచెను. బావగారు ఆయన వంక జాలిగా చూచి, సంచిలోనుండి టెస్టు ల్యాంపు తీసి తగిలించిరి. ల్యాంపు గ్రుడ్డిగా వెలిగెను. మీటరు 9 దగ్గరకు జాఱెను. తీగలోని పోగులన్నియు తెగి ఒకటి రెండు మాత్రమే మిగిలినపుడు, మీటరునకు వలయు రవ్వంత కరెంటునకు అవి చాలునుగాని, సోలినాయిడును లాగుటకు చాలవు. బరువు నెత్తికెత్తనిదే కూలివాని సత్తువ తెలియదు గదా! క్యాబిను క్రింద క్లిప్పు బిగించిన తావున, ఏండ్ల తరబడి అదరుటచేత, తొడుగు చెక్కుచెదరకయే లోపలి పోగులు తెగిన ఆ తీగ దొరకునప్పటికి ప్రొద్దు వాలెను. దానిని అతుకుటకు పది నిమిషములు చాలెను.

ఇంత చేసినను గుత్తదారుని ముఖమున సంతోషము లేదు. లక్షల ఖరీదుగల పంపు పోయినదన్నచో ఏడ్చుచునైనను గౌరవముగా డబ్బిచ్చువాడు, జానెడు తీగకు కూలియనగానే మోసపోయినవానివలె చూచెను. ‘ఈ మాత్రానికా పొద్దంతా?’ అనిన ఆ మాట మా బావగారి చెవికెక్కలేదు. ఆయన ఆ తెగిన ముక్కను కాగితమున పొట్లము కట్టి, దానిపై మరణకారణము వ్రాసికొనుచుండిరి. ఇట్టి పొట్లములతో నిండిన రేకుపెట్టె పూజగదిలో ఉన్నదని మా అక్కయ్య కన్నీరు పెట్టుకొనును.

బండి తెరమీద పడు ఎఱ్ఱర్ కోడును సయితము ఆయన ఫిర్యాదుగా విందురుగాని తీర్పుగా గ్రహింపరు. సెన్సరు చెడినదని తెర చెప్పినను, దానికి 5 వోల్టులు అందుచున్నవా, అది తిరిగి పంపునది అరవోల్టునకును నాలుగున్నరకును నడుమ నున్నదా యని కొలువనిదే దానిని దోషిగా నిర్ణయింపరు. యంత్రములయెడ ఈ న్యాయబుద్ధి శ్లాఘ్యమే. మనుష్యులయెడ దీనిని ప్రయోగించుటయే మా ప్రాణసంకటము. మా చిన్నమ్మాయికి సంబంధము వచ్చి, పిల్లవాడు బహు నెమ్మదస్థుడని అందఱును మెచ్చుకొనుచుండగా, ‘సరే, లోడు మీద చూశారా?’ అని ఆయన అడుగగా పెండ్లిపెద్ద కాఫీగ్లాసు క్రింద పెట్టి లేచిపోయెను. 2014 నుండి మా యూర తెల్లవారకమునుపే చీపుళ్లు పట్టి వీథులు శుభ్రపఱచుచున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలలో ఆయనయు చేరిరి. కాని చెత్త యెత్తుట మాని, అది యే యింటినుండి ఏ గాలికి వచ్చినదో విచారించుచుండగా, తక్కినవారు వీథి ముగించి టీ త్రాగుటకు పోయిరి.

ఇక నా సొంత పగ. మా గృహప్రవేశమునాడు విస్తళ్లు పఱచినవేళ దీపములాఱినవి. ఫ్యూజు మార్చుడని వంద గొంతులు వేడినను, బోర్డునకు అడ్డముగా నిలిచి, ‘ఫ్యూజు చచ్చింది సరే, చంపిందెవరో తేలొద్దూ?’ అని ఆయన భీష్మించిరి. పప్పేదో పాయసమేదో తెలియని చీకటిలో బంధువులు భోజనము చేసిరి. చివరకు తేలినదేమన, షామియానావాడు లైటుతీగను తలుపుసందున నలిపినాడు. ఫ్యూజు మార్చియుండిన మరల కాలెడిదే, తీగ అంటుకొనినను అంటుకొనెడిది. ఆయన మాటయే నిజమగుట నాకు ఇప్పటికిని మింగుడుపడదు.

మొన్న మా యింట మరల ఫ్యూజు పోయెను. బావగారు ఊర లేరని నిర్ధారించుకొని ఎలక్ట్రీషియనును పిలిపించితిని. అతడు క్షణములో తీగ చుట్టి దీపము వెలిగించి, కూలికి చేయి చాచెను. ‘అది సరేనయ్యా, అసలెందుకు పోయింది?’ అని నా నోట వెలువడెను. అతడు నావంక ఎగాదిగా చూచి, ‘ఆ మేస్త్రిగారు మీకేమవుతారండీ?’ అని అడిగెను.