టైంకీపర్‌ని అడిగితే చాలు

మా రోజుల్లో కోఠీలో బస్సు కోసం నిలబడితే అడగాల్సింది ఒక్కణ్ణే, టైంకీపర్‌ని. ముందు రిజిస్టరు, చెవి సందున పెన్సిలు, బుగ్గన కిళ్లీ. "అన్నా, మెహిదీపట్నం బండి?" అంటే తలెత్తకుండానే, "అది డిపోకి పోయింది, ఇక రాదు. ముందున్నదెక్కి లక్డీకాపూల్లో మారు" అనేవాడు. మర్యాదస్తుడేం కాదు, రెండోసారి అడిగితే కసిరేవాడు. అయితేనేం, బస్సు రాదని చెప్పి, వెళ్లే దారి కూడా చూపించేవాడు.

ఇప్పుడు మనవడు నా ఫోన్లో ఏదో బస్సు యాప్ వేసిపెట్టాడు. తెరవగానే పేరు, నంబరు, ఓటీపీ. ఆ ఓటీపీ వచ్చేలోగా బస్సు వచ్చి వెళ్లిపోతుంది. తర్వాత నేనెక్కడున్నానో చూసుకోడానికి అనుమతి ఇవ్వమంటుంది. ఎక్కడుంటాను నాయనా, బస్టాపులో! అక్షరాలేమో లేత బూడిద రంగు. ఎండలో తెర మీద నా మొహం తప్ప ఏమీ కనబడదు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే, "10 నిమిషాల్లో" అన్న బస్సు పావుగంట తర్వాత కూడా 10 నిమిషాల దూరంలోనే ఉంటుంది.

ఐటీలో పనిచేసే మేనల్లుణ్ణి నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. జీపీఎస్ డబ్బా ఉండేది బండిలో. రూటుకీ దానికీ సంబంధం లేదు. పొద్దున బండి చెడిపోయి డిపోవాళ్లు ఇంకో బండి పంపితే, ఇవాళ ఈ రూటు మీద తిరిగేది ఫలానా బండి అని కంప్యూటర్లో ఎవరో మార్చాలి. మార్చకపోతే యాప్ షెడ్డులో పడున్న బండినే చూపిస్తుంది, లేదంటే టైంటేబుల్ చూసి వచ్చేస్తోందని బుకాయిస్తుంది. టైంటేబుళ్లను ఏ ఊరి యాపైనా ఒకేలా చదువుకునేందుకు జీటీఎఫ్ఎస్ అనే పద్ధతి ఉందనీ, అది 2005 నాడే అమెరికాలోని పోర్ట్‌లాండ్ బస్సులతో మొదలైందనీ కూడా చెప్పాడు. బాగానే ఉంది. కానీ టైంటేబుల్లో ఉండేది బస్సు రావాల్సిన వేళ, వచ్చే వేళ కాదు. ఏది లెక్కగట్టిన వేళో, ఏది నిజంగా రోడ్డు మీదున్న బండో వేరువేరు రంగుల్లో చూపించొచ్చుగా? తెలియనప్పుడు తెలీదనొచ్చుగా? మా టైంకీపర్ అనేవాడు మరి.

కొత్తవన్నీ దండగని నేననను. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ చూడండి. ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంతో మనమెక్కిన రైలు ఎక్కడుందో చెబుతుంది, తెలుగులో కూడా. దారిలో నెట్ పోతుందని తెలిసినవాళ్లు చేసిన పని అది. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని 2018లో గూగుల్ ఊరికే కొనలేదు. ఇంకోటి, ఫోన్‌తో డబ్బు కట్టే బస్సుల్లో చిల్లర గొడవ తీరింది. టికెట్టు వెనక రాసిచ్చిన రెండు రూపాయల కోసం దిగేముందు కండక్టర్ని బతిమాలుకోవడం ఎంత నామోషీయో మా తరానికి తెలుసు.

కానీ బస్సు యాప్‌లో స్టాపుల సంగతి? ఊరి పేరు కొడితే అదే పేరుతో నాలుగు స్టాపులు చూపిస్తుంది. నేను రోడ్డుకి ఏ పక్కన నిలబడాలో మాత్రం చెప్పదు. మన బస్సు స్టాపులో ఆగదనీ, నలభై అడుగులు ముందుకెళ్లి ఆగుతుందనీ ఏ మ్యాపుకీ తెలీదు. అది వేరే పురాణం లెండి.

యాపులు చేసే పిల్లలకు ఒకటే చెబుతున్నా. ఏసీ గదిలోంచి లేచి, మే నెల మిట్టమధ్యాహ్నం ఉప్పల్లో నిలబడండి. ఒక చేత్తో కూరల సంచి పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో మీ యాప్ మీరే వాడి చూడండి. డేటా ఆపేసి కూడా చూడండి. ఈ స్టాపుకి రాబోయే మూడు బస్సుల నంబర్లు, ఎంతసేపట్లో వస్తాయో, పెద్ద తెలుగు అక్షరాల్లో మొదటి పేజీలోనే పెట్టండి. రాని బస్సుని రాదని చెప్పండి. ఆఫర్లూ ఓటీపీలూ ఆనక చూసుకుందాం.